భాంగ్రా నేర్చిన పిల్లలకు పక్క వీధి దరువు తెలుసా?

చర్చాంశం: వేర్వేరు ప్రాంతాల, మతాల, కులాల యువతీయువకులు ఒకరి పాటను, ఆటను మరొకరు నేర్చుకుంటే వారి మధ్య అవగాహన నిజంగా పెరుగుతుందా, లేక అది ఒక సాయంత్రపు వేషంగానే మిగిలిపోతుందా?

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

నేను నెల్లూరు జిల్లాలో ఒక డిగ్రీ కళాశాలలో అధ్యాపకుణ్ని. ఈ ప్రశ్నను ఇక్కడ పెట్టడానికి మా వార్షికోత్సవమే కారణం. రాష్ట్రాలను జతలుగా కలిపే కేంద్ర ప్రభుత్వ 'ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్' కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్‌కు జతగా పంజాబ్‌ను కేటాయించారు కాబట్టి మా పిల్లలు పన్నెండుమంది మూడు వారాలు సాధన చేసి భాంగ్రా ఆడారు. తలపాగాలు అద్దెకు దొరికాయి, అడుగులు యూట్యూబ్‌లో దొరికాయి, చప్పట్లకూ లోటు లేకపోయింది. మర్నాడు తరగతిలో, పంజాబ్ గురించి కొత్తగా ఏం తెలుసుకున్నారని ఆ పన్నెండుమందినీ అడిగాను. అక్కడ గోధుమలు బాగా పండుతాయని ఒకడు చెప్పాడు, అక్కడివాళ్లు ఎప్పుడూ హుషారుగా ఉంటారని ఇంకొకడు చెప్పాడు. ఈ రెండు ముక్కల కోసం మూడు వారాలు అక్కరలేదు.

తప్పు పిల్లలది కాదు. భాంగ్రా వెనక ఉన్న కథను వాళ్లకు చెప్పవలసినవాళ్లం మేమే, మాకే అది తెలియదు. తర్వాత కూర్చుని చదివాను. దేశ విభజనకు ముందు ఈ ఆట ఎక్కువగా సియాల్‌కోట్, గుజ్రాన్‌వాలా, గురుదాస్‌పూర్ వైపు పల్లెల్లో పంట చేతికొచ్చే వేళ ఆడేవారట. 1947లో ఆ నేలలో చాలా భాగం సరిహద్దుకు అవతల ఉండిపోయింది. ఇప్పుడు మనం వేదికల మీద చూసే భాంగ్రా, 1950లలో రకరకాల పల్లె ఆటల అడుగులను ఏరి కూర్చి గణతంత్ర దినోత్సవ వేడుకలకోసం తీర్చిదిద్దినది. ఆ కూర్పుకు ప్రాణం పోసిన డోలు వాద్యకారుల్లో బాజీగర్ కులస్థులు ఉన్నారు. వాళ్లు ఊరి చివర బతికే సంచారులు. ఇల్లూ పొలమూ పోగొట్టుకున్న జనమూ, ఊరి చివర మనుషులూ కలిసి నిలబెట్టిన ఆటను మా పిల్లలు 'ఎప్పుడూ హుషారుగా ఉండేవాళ్ల ఆట'గా నేర్చుకున్నారు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ సాయంత్రం కుర్చీలు మోసినవారిలో ఇద్దరు యానాది కుర్రాళ్లు ఉన్నారు. యానాదులు మన రాష్ట్రంలో 2011 జనగణన ప్రకారం అయిదు లక్షలకు పైగా ఉన్నారు, అందులో నెల్లూరు ప్రాంతం వాటా పెద్దది. బ్రిటిషువారి కాలంలో నేరస్థ జాతుల చట్టం కింద వాళ్లమీద నేరస్థులన్న ముద్ర వేశారు. ఆ చట్టం రద్దయింది 1952లో. మన జిల్లావారైన వెన్నెలకంటి రాఘవయ్యగారు ఆ మచ్చను చెరిపించడానికి జీవితమంతా ధారపోశారు. మా కళాశాలలో నేను పనిచేస్తున్న పదకొండేళ్లలో ఒక్కసారైనా యానాదుల పాట ఒకటి మా వేదిక ఎక్కలేదు. పంజాబ్ దాకా వెళ్లిన పరిచయం యానాదులుండే కాలువ గట్టుదాకా వెళ్లలేకపోయింది.

అయినా సంగీత నృత్యాల వల్ల ప్రయోజనం లేదని నేను అనను. నేర్పే మనిషి ఎదురుగా కూర్చుని, నేర్చుకునేవాడు ఆ మనిషికి శిష్యుడైనప్పుడే ప్రయోజనం ఉంటుందని నా అభిప్రాయం. పాట ఒక్కటే ఎవరినీ కలపదు. పాట నేర్పినవాడి దగ్గర చేతులు కట్టుకుని నిలబడటం కలుపుతుంది. దీన్ని మీరంతా ఖండించాలని కోరుతున్నాను.

కరవది శ్రోత (ఒంగోలు)

ఖండించను, అయితే మీరు చెప్పినదానికి మా ఊరి నుంచే సాక్ష్యం ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. ఒంగోలు పక్కన మా కరవదిలో 1924లో షేక్ చిన మౌలానా పుట్టారు. మన వైపు నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబాలు తరతరాలుగా గుళ్లలో సేవ చేస్తూ వచ్చాయి. సుప్రభాతం వేళ రామాలయంలో సన్నాయి పట్టినవాడి పేరు షేక్ అయితే మా తాతల కాలంలో ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. చిన మౌలానాగారు మొదట చిలకలూరిపేటలో ఆదం సాహెబుగారి దగ్గర నేర్చుకున్నారు. ఆ తర్వాత తంజావూరు బాణీ మీద మోజు పడి, టి.ఎన్. రాజరత్నం పిళ్లై వాద్యానికి ముగ్ధులై, తమిళదేశం వెళ్లి నాచ్చియార్‌కోయిల్ సోదరులైన రాజం, దురైకన్ను పిళ్లైల దగ్గర మళ్లీ శిష్యుడిగా చేరారు. అప్పటికే పేరున్న విద్వాంసుడు మళ్లీ మొదటి పాఠానికి కూర్చోవడం చిన్న విషయం కాదు. చివరికి శ్రీరంగంలోనే స్థిరపడి, అక్కడ నాదస్వరం నేర్పడానికి ఆశ్రమం పెట్టి, దానికి శారద పేరు పెట్టుకున్నారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనను సంగీత కళానిధిగా గౌరవించింది.

ఇందులో భాష మారింది, మతం మారింది, ప్రాంతం మారింది. మారనిది గురుశిష్య సంబంధం ఒక్కటే. పెన్నా ఒడ్డు గారి వాదానికి ఇంతకంటే బలమైన ఉదాహరణ నాకు తెలియదు. చిన మౌలానాగారి శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒక స్త్రీ నాదస్వరం పట్టి కచేరీ చేయడమే అరుదైన రంగంలో ఆ దంపతులు జంటగా వాయిస్తున్నారు.

అయితే ఒక సవరణ. మీరు మూడు వారాల సాధనను చులకన చేశారు. నేర్చుకోవడానికి జీవితం పడుతుంది, మోజు పుట్టడానికి ఒక సాయంత్రం చాలు. నేను మూడో తరగతిలో ఉండగా పెళ్లి పందిట్లో విన్న ఒక కల్యాణి రాగాలాపన వల్లే ఈనాటికీ డిసెంబరులో చెన్నై బండి ఎక్కుతున్నాను. మీ పన్నెండుమందిలో ఏ ఒక్కడికైనా ఆ డోలు చెవిలో నిలిచిపోయి ఉంటే, పదేళ్ల తర్వాత వాడు ఏం చేస్తాడో మనం చెప్పలేం.

ఎర్రమట్టి (ప్రకాశం జిల్లా)

కరవది శ్రోత గారు చెప్పిన ప్రతి మాటా నిజమే, నేను కాదనను. కానీ ఆ నిజం పక్కన పెట్టవలసిన ఇంకో నిజం ఉంది. గుడిలో సన్నాయి వినిపించిన మన ఊళ్లలోనే డప్పు కూడా వినిపించింది. పుట్టినా, పెళ్లయినా, పోలేరమ్మకు కొలుపు చేసినా, పీర్లు లేచినా, చచ్చినా డప్పు లేకుండా ఊరు కదల్లేదు. ఊరంతా మాదిగవాడి దరువుకే అడుగులు వేసింది. అలా కొన్ని వందల ఏళ్లు కలిసి అడుగులు వేసిన తర్వాత, 1985 జూలై 17న, అప్పటి ప్రకాశం జిల్లాలోని కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. కలిసి వినడం, కలిసి ఆడటం అవగాహనను పెంచుతాయన్న సిద్ధాంతానికి మన జిల్లాకంటే పెద్ద ప్రయోగశాల లేదు. ఆ ప్రయోగం ఫలితం ఏమిటో చీరాల శిబిరంలో తలదాచుకున్న కుటుంబాలను అడిగితే తెలిసేది.

మీరంతా మర్యాదస్తులు కాబట్టి నేనూ మర్యాదగానే అడుగుతాను. మూలపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి హరిజనులను రానివ్వాలని 1946లో నెల్లూరులో పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్ష చేశారు. ఆ గుడిలో అప్పటికి ఎన్ని వందల ఏళ్లుగా మంగళవాద్యం మోగి ఉంటుంది? గడప దాటనిచ్చింది వాద్యం కాదు, ఆ దీక్ష.

మా నాన్న డప్పు కళాకారుడు, ప్రభుత్వం ఇచ్చే పింఛను అందుకుంటున్నారు. ఆయన దగ్గర చేతులు కట్టుకుని నేర్చుకోవడానికి ఈనాటివరకూ ఇతర కులాల పిల్లవాడెవడూ మా గడపకు రాలేదు. యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నవాళ్లు మాత్రం నాకు ముగ్గురు తెలుసు.

మూలపేట వాసి (నెల్లూరు)

నేను క్లుప్తంగా చెబుతాను. స్వర్ణాల చెరువు ఒడ్డున బారా షహీద్ దర్గా దగ్గర ఏటా రొట్టెల పండుగ జరుగుతుంది. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె అని మొక్కు పేరు చెప్పి, మోకాలిలోతు నీళ్లలో నిలబడి, ముక్కూ మొహమూ తెలియనివారితో రొట్టె మార్చుకుంటారు. అక్కడ వేదిక లేదు, శిక్షణ లేదు. సంస్కృతుల మధ్య అవగాహన అన్న మాట వింటే అక్కడి జనం నవ్వుతారు. మాకు అవసరం ఉంటుంది, ఎదుటివారికి మొక్కు తీరి ఉంటుంది, అంతే. పాట నేర్పితే పిల్లలు కలుస్తారా అనే ముందు, పిల్లలకు ఒకరితో ఒకరికి ఏం అవసరం ఉందో చూడండి.

గ్రానైటు బడి టీచరు (చీమకుర్తి వైపు)

మూలపేట వాసి గారి 'అవసరం' అన్న మాట నాకు బాగా తగిలింది, ఎందుకంటే మా బడిలో జరిగింది సరిగ్గా అదే.

చీమకుర్తి నల్లరాయి క్వారీల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కుటుంబాలు పనిచేస్తాయి. వాళ్ల పిల్లలు కొందరు మా బడికి వస్తారు. రెండేళ్ల కిందట ఏడో తరగతిలో పశ్చిమ ఒడిశా నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. తెలుగు అర్థమయ్యేది గాని నోరు విప్పేది కాదు. పేరు పిలిస్తే లేచి నిలబడేది, అంతకుమించి ఏమీ లేదు. తోటిపిల్లలు ఆమెను ఏడిపించేవారు కాదు, అసలు ఆమె ఉన్నట్టే గుర్తించేవారు కాదు, అది ఏడిపించడం కంటే కష్టం.

బాలల దినోత్సవానికి ఏదైనా కొత్త ఆట వేద్దామని పిల్లలే అనుకుని ఫోనులో వెతికారు. ఒక సంబల్‌పురి పాట వాళ్లకు నచ్చింది. ఆ పాట మోగగానే వెనక బెంచీలో ఈ అమ్మాయి పెదవులు కదపడం పక్కపిల్ల చూసింది. ఆ క్షణం నుంచి వాళ్లకు ఆమెతో పని పడింది. నడుము దగ్గర చేయి ఎలా తిప్పాలో, ఏ మాటకు మోకాలు వంచాలో, ఆ మాటకు అర్థమేమిటో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. అర్థం చెప్పడానికి ఆమెకు తెలుగు కావలసి వచ్చింది, అడగడానికి వాళ్లకు ఓపిక కావలసి వచ్చింది. తప్పు వేసినవాళ్ల చేతిమీద ఆమె చిన్నగా కొట్టేది. బడిలో మొదటి మార్కుల అమ్మాయి ఆ దెబ్బ తిని 'మళ్లీ చూపించవే' అనడం నేను కళ్లారా చూశాను.

నేను దీన్ని గొప్ప విజయంగా చెప్పడం లేదు. ఆ ఏడాది వేసవిలో వాళ్ల నాన్న వేరే ఊరికి పనికి మారితే ఆమె టి.సి. కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. పిల్లలు ఆ పాటను మరుసటి ఏడు కూడా ఆడారు, కాని నేర్పిన పిల్ల పేరు కొత్తగా చేరినవాళ్లకు తెలియదు. మీలో ఎవరైనా 'దీనివల్ల శాశ్వతంగా ఏం మిగిలింది' అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ నెలరోజులు మాత్రం ఆమె నోరు విప్పింది.

నట్టువాంగం (ఒంగోలు)

ఇరవై ఆరేళ్లుగా కూచిపూడి నేర్పుతున్నదాన్ని. ఇంతవరకు మాట్లాడినవారెవరూ కళ పక్షం నుంచి మాట్లాడలేదు కాబట్టి ఆ పని నేను చేస్తాను, కొందరికి నచ్చకపోవచ్చు.

కళను సమాజాన్ని బాగుచేసే పనిముట్టుగా చూడటం మొదలుపెట్టగానే ముందు పాడయ్యేది కళే. నెలలో భాంగ్రా, పదిహేను రోజుల్లో సంబల్‌పురి, వారంలో డప్పు అంటే పిల్లలకు ఏదీ రాదు. అరమండి, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమ, సరిగ్గా కూర్చోవడానికే ఒక సంవత్సరం పడుతుంది. ఆ సంవత్సరం పడిన కష్టం వల్లే ఇంకొక సంప్రదాయంలో ఒక మనిషి ఎంత కష్టపడి ఉంటాడో తెలుస్తుంది. ఒక్కదాన్నైనా లోతుగా నేర్చుకున్న పిల్లే పరాయిదాన్ని గౌరవించగలదు. అన్నీ రుచి చూసిన పిల్లకు అన్నీ ఒకటే.

కూచిపూడి అగ్రహారాన్ని మా పెద్దలకు గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా ఇచ్చాడని మా సంప్రదాయంలో చెప్పుకుంటాం. ఆయన భాగవత మేళంవారిని తన మతంలో కలుపుకోలేదు, తాను వేషం కట్టలేదు. ప్రదర్శన చూసి, బాగుందనుకుని, వాళ్లు అదే పని చేసుకుంటూ బతకడానికి భూమి ఇచ్చాడు. నాకు తెలిసి పరస్పర గౌరవమంటే అదే. ఎవరి కళ వాళ్లు చేసుకోవడానికి వసతి కల్పించండి, అందరినీ అందరి వేషాలూ కట్టమని ఒత్తిడి చేయకండి.

ఎర్రమట్టి

నట్టువాంగం గారూ, మీ నిజాయితీ నాకు నచ్చింది. ఒక్క ప్రశ్న. కూచిపూడిలో కొన్ని తరాలు స్త్రీలను గజ్జె కట్టనివ్వలేదు, ఆడవేషం కూడా మగవాళ్లే కట్టారు. వెంపటి చినసత్యంగారివంటి గురువులు మద్రాసు వెళ్లి ఆ తలుపు తెరవబట్టే మీరు ఈనాడు గురువయ్యారు. 'ఎవరి కళ వాళ్లు చేసుకోవాలి' అన్న సూత్రాన్ని ఆ రోజు గట్టిగా పాటించి ఉంటే ఏమయ్యేది?

ఇంకొకటి, తానీషా భూమి ఇచ్చాడు. డప్పుకు ఎవరు ఏమిచ్చారు?

నట్టువాంగం

మొదటి ప్రశ్నకు నేను తలవంచుతున్నాను, అది న్యాయమైన ప్రశ్న. ఆ తలుపు తెరవడానికి మా గురువులు తమవాళ్ల నుంచే మాటలు పడ్డారు. అయినా చినసత్యంగారు స్త్రీలకు కూచిపూడి నేర్పారే గాని కూచిపూడిని సులువు చేయలేదు. తలుపు తెరవండి, గడప ఎత్తు మాత్రం తగ్గించకండి. నేను చెప్పదలచుకున్నది అదే, ముందు సరిగ్గా చెప్పలేకపోయాను.

లెక్కల మాస్టారు (కందుకూరు)

చర్చ అనుభవాల మీదే నడుస్తోంది, అది మంచిదే. దీని మీద పరిశోధకులు పరీక్షించి చూసినవి కూడా కొన్ని ఉన్నాయి, వాటిని మధ్యలో పెడతాను.

2010లో కిర్ష్‌నర్, తోమసెల్లో అనే ఇద్దరు పరిశోధకులు జర్మనీలో నాలుగేళ్ల పిల్లలను జంటలుగా ఆడించారు. కొన్ని జంటలు కలిసి పాడుతూ వాయిస్తూ ఆడాయి, కొన్ని జంటలు అదే ఆటను పాట లేకుండా ఆడాయి. ఆ తర్వాత చిన్న చిక్కు కల్పిస్తే, పాటతో ఆడిన పిల్లలు ఒకరికొకరు ఎక్కువగా సాయం చేసుకున్నారు. అంటే తాళం కలిస్తే మనసు కొంత కలుస్తుందన్న మాట ఒట్టి కవిత్వం కాదు.

కాని ఈ గుణానికి రెండో వైపు ఉంది. తాళం మనుషులను ఒక గుంపుగా కట్టినప్పుడు, ఆ గుంపు ఎవరిమీదికైనా వెళ్లవచ్చు. 1994లో రువాండాలో మారణహోమం జరిగిన రోజుల్లో రేడియోలో జనాదరణ ఉన్న గాయకుడి పాటలు ద్వేషానికి ఊతమిచ్చాయి. ఆ గాయకుడు సైమన్ బికిండిని, రువాండా నేరాల విచారణకు ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ 2008లో, లౌడ్‌స్పీకరులో చేసిన ప్రేరేపణకు శిక్షించింది. అంత దూరం ఎందుకు, మన ఊరేగింపుల్లో ఎవరి ప్రార్థనాస్థలం ముందు డీజే శబ్దం పెంచాలో కుర్రాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ డీజే ముందు వాళ్లు కూడా తాళం తప్పకుండా కలిసే ఆడతారు.

మరి తేడా ఎక్కడ వస్తుంది? గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే నాలుగు షరతులు చెప్పాడు. రెండు వర్గాలు కలిసినంతమాత్రాన దురభిప్రాయం తగ్గదు. కలిసినచోట ఇద్దరి హోదా సమానంగా ఉండాలి, ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి, అది ఒకరు లేకుండా మరొకరు సాధించలేనిది కావాలి, పైన ఉన్న పెద్దలు దాన్ని బహిరంగంగా సమర్థించాలి. ఎర్రమట్టి గారి ఊళ్లో డప్పుకు మొదటి షరతే లేదు. వాయించేవాడు కింద, ఆడేవాడు పైన. అలాంటి కలయిక వందల ఏళ్లు సాగినా ఫలితం రాదని ఆ సిద్ధాంతమే చెబుతుంది కాబట్టి, కారంచేడు దానికి ఖండన కాదు, నిరూపణ. చీమకుర్తి టీచరు గారి బడిలో అనుకోకుండా నాలుగూ కలిశాయి.

ఆశలకు హద్దు కూడా చెప్పాలి. అరబ్బు, ఇజ్రాయెల్ యువ వాద్యకారులను ఒకే బృందంలో కూర్చోబెట్టి డానియల్ బారెన్‌బోయిమ్, ఎడ్వర్డ్ సయీద్ 1999లో జర్మనీలోని వైమార్‌లో ఒక వాద్యబృందం మొదలుపెట్టారు. 2005లో ఆ బృందం రమల్లాలో కచేరీ చేసింది. ఆ ప్రాంతంలో యుద్ధం ఆగలేదు. తమ బృందం శాంతిని తెస్తుందని బారెన్‌బోయిమ్ ఎన్నడూ చెప్పుకోలేదు. ఒకే స్టాండు మీద ఒకే కాగితం చూస్తూ వాయించే ఇద్దరు పిల్లలు కనీసం ఒకరినొకరు వింటారని మాత్రమే ఆయన ఆశ.

కావలి నుంచి ఒక తల్లి

నేను ముస్లిం కుటుంబం నుంచి రాస్తున్నాను. కరవది మౌలానాగారి గురించి చదివి గర్వపడ్డాను. కాని ఒక మాట చెప్పకపోతే మనసు ఊరుకోదు. మా పాపను పోయినేడు బడిలో నృత్యంలో చేరమన్నారు. మా ఇంట్లో పెద్దవాళ్లకు ఇష్టం లేదు, పాపకూ సిగ్గు. చేరనంటే, 'మీరు అందరితో కలవరు కదా' అన్నట్టు ఒకరు మాట్లాడారు. అవగాహన పెంచడానికి పెట్టిన కార్యక్రమం మా పాపకు పరీక్షగా మారింది.

ఇది మతం సంగతి మాత్రమే కాదు. ఎదిగిన ఆడపిల్లలు వేదిక మీద ఆడటానికి ఒప్పుకోని ఇళ్లు అన్ని కులాల్లోనూ ఉన్నాయి. ఆడనివాళ్లకు కూడా ఒక పని ఉండాలి. మా పాపకు ఉర్దూ చదవడం వచ్చు. ఎవరైనా ఆమెను ఒక పాటకు అర్థం చెప్పమని అడిగి ఉంటే సంతోషంగా చెప్పేది. ఎవరూ అడగలేదు.

పెన్నా ఒడ్డు

అమ్మా, మీ ఉత్తరం చదివాక నా మొదటి ప్రతిపాదనలో లోపం కనిపించింది. నేను శిష్యుడు, గురువు అని రెండు స్థానాలే ఊహించాను. అడిగేవాళ్లు, అర్థం చెప్పేవాళ్లు, రాసిపెట్టేవాళ్లు కూడా కావాలి, వాళ్లకు కూడా సమాన గౌరవం ఉండాలి.

అందరి మాటలూ విన్న తర్వాత, వచ్చే ఏడాది మా కళాశాలలో ఏం చేయాలో మా ప్రిన్సిపాలుగారికి ఒక కాగితం రాశాను. ఇక్కడ కూడా పెడుతున్నాను, ఇంకా తప్పులుంటే చెప్పండి. పరాయి రాష్ట్రపు ఆట ఒక్కటే ఉంచుతాం, అదైనా ఆ రాష్ట్రం మనిషి ఎదురుగా నేర్పగలిగితేనే. నెల్లూరులో దాబాలు నడిపేవాళ్లలో, లారీలమీద కృష్ణపట్నం ఓడరేవుకు వచ్చిపోయేవాళ్లలో పంజాబీలు దొరకరని నేను నమ్మను. ఇంతవరకు వెతకలేదు, అంతే. మిగిలిన కాలమంతా జిల్లా ఆటలకే. నట్టువాంగం గారు చెప్పినట్టు ఒక్కదాన్నే తీసుకుని ఏడాదంతా నేర్పిస్తాం.

ఆ ఒక్కటి జడకోలాటం అయితే బాగుంటుందని నా ఆలోచన. కారణం చెబుతాను. మా ఊళ్లో చిన్నప్పుడు ఆడాను కాబట్టి నాకు తెలుసు. పైన కట్టిన తాళ్ల కొసలు తలా ఒకటి పట్టుకుని, సగంమంది కుడికి, సగంమంది ఎడమకు, లోపలికి ఒక అడుగు, వెలుపలికి ఒక అడుగు వేస్తూ తిరిగితే పైన జడ అల్లుకుంటుంది. ఒక్కడు అడుగు తప్పితే తప్పు వాడి తాడులో కనబడదు, మొత్తం జడలో కనబడుతుంది. అల్లడం కంటే విప్పడం కష్టం. వేసిన కోపునే, అంటే అడుగుల వరసనే, వెనక్కి వేయాలి, ఎవరు ఎక్కడ తప్పారో అందరికీ గుర్తుండాలి. అక్కడ ధనికుడి తాడు, పేదవాడి తాడు అని ఉండదు, బాగా ఆడేవాడు ఒంటరిగా మెరవడానికీ వీలుండదు. లెక్కల మాస్టారు గారి నాలుగు షరతులూ ఆ తాళ్లలోనే ఉన్నట్టు నాకు అనిపించింది.

దరువు డప్పుదే. ఎర్రమట్టి గారి నాన్నగారిని గురువుగా పిలవాలని కాగితంలో రాశాను. శాలువా కప్పి పంపడం కాదు, ఏడాది పొడవునా వారానికి రెండు రోజులు, అతిథి అధ్యాపకుడికి ఇచ్చే గౌరవవేతనమే ఆయనకూ ఇవ్వాలని రాశాను. యానాది విద్యార్థులిద్దరితోనూ మాట్లాడాను. వాళ్ల నాయనమ్మకు చేపల వేట పాటలు వచ్చునని ఒకడు చెప్పాడు. రెండోవాడు మాత్రం తనకు భాంగ్రానే ఇష్టమనీ, ఈసారి తనను అందులో వేసుకోమనీ అడిగాడు. నాకు సిగ్గేసింది. వాడి కులాన్ని బట్టి వాడికి ఏ పాట రావాలో నేనే నిర్ణయించేశాను.

కరవది శ్రోత

ఆ రెండోవాణ్ని తప్పకుండా వేసుకోండి. చిన మౌలానాగారు తంజావూరు బాణీ మీద మోజు పడినప్పుడు, నీ చిలకలూరిపేట బాణీ నీకు చాలదా అని ఎవరైనా ఆపి ఉంటే మనకు ఆ నాదం దక్కేది కాదు.

గ్రానైటు బడి టీచరు

గౌరవవేతనం సంగతి కాగితంలో ఉండటం వేరు, బిల్లు పాసవడం వేరు. మా బడిలో ఒకసారి చెక్కభజన గురువును పిలిస్తే, డబ్బు ఏ పద్దు కింద రాయాలో తేలక ఏడు నెలలు తిరిగారు. ముందుగా ఆ పద్దు తేల్చుకోండి. నట్టువాంగం గారూ, మీరు కూడా ఒక రోజు వెళ్లి చూడగలిగితే పిల్లలకు గడప ఎత్తు ఎంతో తెలుస్తుంది.

నట్టువాంగం

వెళతాను. కోపులు తప్పితే ఊరుకోను, ముందే చెబుతున్నాను.

ఎర్రమట్టి

పెన్నా ఒడ్డు గారూ, మీ కాగితాన్ని మా నాన్నకు రెండుసార్లు చదివి వినిపించాను. పాటలతో కులం పోతుందని నేను ఇప్పటికీ నమ్మడం లేదు, మాస్టారు గారి నాలుగో షరతు మీద నా అనుమానం అలాగే ఉంది. కాని నిర్ణయం ఆయనది, ఆయన వస్తానన్నారు. జీతం గురించి ఏమీ అడగలేదు. ఒక్కటి మాత్రం అడిగి తెలుసుకోమన్నారు. వాయించే ముందు డప్పు కాచుకోవాలి, దానికి చిన్న మంట వేసుకోవాలి. ఇదివరకు ఒక కళాశాలలో ఉత్సవానికి పిలిచినప్పుడు, ఆ మంటేదో గేటు బయట వేసుకుని రమ్మన్నారట. మీ దగ్గర మంట ఎక్కడ వేయాలో తేదీతో పాటు రాయండి.